బస్తా బదులు వేగు

"క్యాట్‌ని దాటించేస్తున్నారు, ఎమెట్! పొద్దున్నే సెయింట్ క్లేర్ సరస్సుకి వెళ్ళు. అది ఎక్కడికెళితే నువ్వూ అక్కడికే. వదిలావంటే దేశం మునుగుతుంది."

ఫోన్ గరగరమని ఆగిపోయింది. మిసెస్ హాలొవే మాటల్ని కూడా ప్రభుత్వ సొమ్ములాగే పొదుపుగా వాడుతుంది. ఏజెంట్ ఎమెట్ గ్రూబర్ ఎదురుప్రశ్న వెయ్యలేదు. దేశం కోసం పులినైనా పడతాడు, పిల్లి ఎంత? తాళం ఉన్న ఒక ఇనప బోను, ఒక పొట్లం చేప బిస్కెట్లు కొన్నాడు. దారిలో రెండు చేతులా హాట్‌డాగులు లాగించి, బోను ఊపుకుంటూ మిషిగన్ వైపు రేవులో దిగాడు.

రేవులో పిల్లి లేదు. గడ్డి టోపీ, మాసిన ఏప్రన్ వేసుకుని వేయించిన చేపలమ్ముతున్న ఒకావిడ ఉంది.

"పికరల్ చేప వేగిందా?" అన్నాడు ఎమెట్. అది కోడ్.

"వేగు వచ్చాకే వేగుతుంది," అంది మిసెస్ హాలొవే టోపీ కింద నుంచి. "బోనెందుకు?"

ఎమెట్ బోను వైపూ, రేవుకి కట్టేసి ఉన్న జోడు పొట్టల పడవ వైపూ చూశాడు. దాని పక్కన అక్షరాలు కనిపించాయి: కాటమరాన్. బోనుని మెల్లగా కాలితో వెనక్కి నెట్టాడు.

"మారువేషం, మేడమ్."

"తెలివైనవాడివే. విను." ఆవిడ చేపముక్క కాగితంలో చుడుతూ గొంతు తగ్గించింది. "క్షిపణికి దారి చూపించే యంత్రం. గుప్పెడంతే ఉంటుంది, బరువు మాత్రం ఇనప గుండంత. లాబొరేటరీలో మాయమైంది. ఓ విదేశీ ముఠా ఇవాళ ఈ పడవలో అవతల కెనడా ఒడ్డుకి చేరుస్తుంది. వేగం పరీక్షించే టెస్ట్ పడవలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి, గస్తీవాళ్ళు ఆపరు. సరుకు ఎక్కడుందో తెలీదు. డ్రైవర్ కోరిన్ డెవో ముఠాలో ఉన్న మన మనిషి."

"ఇంతమందిలో నన్నే పంపారంటే నా అనుభవం చూసి..."

"నీ బరువు చూసి. తూకం కోసం డ్రైవర్ పక్క సీట్లో ఇసక బస్తా పెడతారు. ఆ బస్తాకి సరితూగే ఏజెంటు ఆఫీసులో నువ్వొక్కడివే."

ఎమెట్ పరువు అక్కడితో సగం పోయింది. మిగతా సగం పడవ తయారు చేసిన పావ్లాక్ ముసలాయన కాటా దగ్గర పోయింది. ఈయనకి హాలొవే ఒక్క ముక్కే చెప్పింది: బస్తా బదులు మనిషి వస్తాడని.

"ఎక్కు, బస్తా! జేబుల్లో ఏముంది? తియ్యి."

పిస్తోలు బయటికొచ్చింది. రేడియో బయటికొచ్చింది. పెన్నులా కనిపించే ట్రాన్స్‌మిటర్ కూడా.

"పెన్ను ఉంచుకోనీ, పెద్దాయనా."

"సరస్సు మీద సంతకాలు పెడతావా? నాకు తెలీని బరువు నా పడవ ఎక్కదు. ఇదేమన్నా బస్సా? జోడు పొట్టల మధ్య సందులో గాలి దూరి పడవని పైకెత్తుతుంది. ముక్కు బరువైతే నీళ్ళు తాగుతుంది, కదలదు. తేలికైతే పెనం మీద అట్టులా వెల్లకిలా తిరగబడుతుంది. ముక్కులో సీసం సంచీ నేనే కుట్టి నేనే పెట్టా. ఇక తేడా వస్తే నీవల్లే!"

అప్పుడు వచ్చింది కోరిన్. ఎర్ర సూటు, చంకలో హెల్మెట్, చేపలకి కూడా చూపు తిప్పుకోబుద్ధి కాని నవ్వు. ముందుగా పావ్లాక్ భుజం మీద చెయ్యేసింది.

"ఏం మార్చావు, పెద్దాయనా?"

"బస్తా తీసి ఈ శాల్తీని పెట్టా, అమ్మాయ్. అంతే."

అది ఆ రేవు ఆచారం. పరుగుకి పరుగుకి మధ్య ఒక్కటే మార్పు. ఎక్కేముందు డ్రైవర్ అడగాలి, ముసలాయన చెప్పాలి. అడగకుండా ఎక్కినవాళ్ళు ఆయన లెక్కలో మనుషులు కారు.

ఎమెట్‌ని సీటుకి బెల్టులతో బిగించారు. గాజు మూత పడింది. వెనక రెండు ఇంజన్లు ఒక్కసారి అరిచాయి. కాటమరాన్ అంటే కట్టుమరం, మానుల్ని కలిపి కట్టడం అని విన్నాడుగానీ మనిషిని కడతారని ఎమెట్‌కి ఎవరూ చెప్పలేదు. వేగుకి వేగం పడలేదు. కళ్ళు మూసుకున్నాడు. దేశం కోసం అతను చేయగలిగింది అదొక్కటే.

మొదటి పరుగు ముగించి తిరిగొచ్చాక పావ్లాక్ నడుము మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ముక్కు ముంచి మరీ నడిచింది! పొద్దున ఎన్ని హాట్‌డాగులు మింగావు, బస్తా?"

"ఏదో... రెండు చేతులా..."

"చూశావా!" ముసలాయన ముక్కులోని సంచీ విప్పి చూడలేదు. తను కుట్టిన సంచీని తనే అనుమానిస్తాడా? తిట్టుకుంటూ బరువైన బ్యాటరీల్ని వెనక్కి జరిపి బిగించాడు. ముక్కు తేలికైంది, లెక్క కుదిరింది.

కోరిన్ ఫోటోలకి నవ్వడం ముగించి నేరుగా వచ్చి సీట్లో కూర్చుంది. చూపంతా అవతలి ఒడ్డు మీదే. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఏం మార్చావని అడగలేదు.

పావ్లాక్ మొహం ముడుచుకుంది. "ఓహో, ఈవిడకిప్పుడు మనం అక్కర్లేదు కాబోలు," అని ఎమెట్ బెల్టు బిగిస్తూ గొణిగాడు. "బ్యాటరీలు వెనక్కి జరిపా. నీకు చెబుతున్నా, బస్తా. ఆవిడ అడిగితే చెప్పు, లేకపోతే లేదు."

సరిహద్దు దగ్గరపడగానే ఇంజన్లు నెమ్మదించాయి. కోరిన్ గాజు మూత తెరిచింది. ఆమె చేతిలో ఆపదలో సైగకి కాల్చే మంటల తుపాకీ.

"దిగు."

"ఎక్కడికి?"

"నీళ్ళలోకి. చేపలు పట్టేవాళ్ళున్నారులే, లాగుతారు."

"నువ్వు మా మనిషివి కదా!"

"మీ మనిషినని మీకు చెప్పా, వాళ్ళ మనిషినని వాళ్ళకి చెప్పా. నేను నా మనిషిని." అందంగా నవ్వింది. "సరుకు ముక్కులో ఉంది. మొదటి పరుగు గస్తీవాళ్ళని నమ్మించడానికే. ముసలోడి సంచీలో సగం సీసం తీసి యంత్రం కుట్టాం. నువ్వు లేకపోయినా ఆ బరువే ముక్కుని నొక్కి పెడుతుంది. నువ్వు దిగితే ఇంకా వేగం. లే!"

ఎమెట్ బెల్టు విప్పుకున్నాడు. పిస్తోలు రేవులో, రేడియో రేవులో, పెన్ను కూడా రేవులోనే. చేతిలో ఉన్నదల్లా ఒక్క మాట. ముక్కు బరువుకి సరిపడా బ్యాటరీలు ఎప్పుడో వెనక్కి పోయాయి. తను కూర్చున్న బరువే ఇప్పుడా ముక్కుని కిందికి పట్టి ఉంచుతోంది. చెబితే యంత్రం పోతుంది. చెప్పకపోతే మనిషి పోతుంది.

నీళ్ళలోకి జారాడు, చలి ఎముకల్లోకి దిగింది. లైఫ్ జాకెట్ మీద తేలుతూ నోరు తెరిచాడు.

"బ్యాటరీలు వెనక్కి జరిపాడు! నేను లేకపోతే తిరగబడుతుంది! నెమ్మదిగా పో!"

"ఆలస్యం చెయ్యడానికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా, బస్తా?"

"నిజం! ఒట్టు!"

గాజు మూత పడిపోయింది. రెండోసారి అరిచాడు. ఇంజన్ల మోతలో అతని గొంతు అతనికే వినపడలేదు. పడవ దూసుకుపోయింది. ముందు పొట్టలు రెండూ నీళ్ళని వదిలాయి. తర్వాత ముక్కు లేచింది. ఎవరో అడుగు నుంచి వేలితో ఎత్తినట్టు మెల్లగా, తీరిగ్గా, ఇంకా పైకి. ఎమెట్ చెయ్యి పైకెత్తాడు, పట్టుకుంటే ఆగుతుందన్నట్టు. పడవ ఆకాశంలో వెల్లకిలా తిరిగి, సరిహద్దు ఇవతలే నీళ్ళ మీద పళ్ళెంలా పగిలింది.

చేపల పడవవాళ్ళు ముందు ఎమెట్‌ని లాగబోయారు. "నన్ను కాదయ్యా, ఆమెని!" అని అరిచాడు. ఈసారి వినపడింది.

గాజు మూత పగల్లేదు. కోరిన్ బతికింది, చెయ్యి విరిగింది.

రేవులో ఇద్దరికీ చెరో దుప్పటి కప్పారు, ఆమెకి అదనంగా బేడీలు వేశారు. పావ్లాక్ విరిగిన ముక్కులోంచి సంచీ తీసి కోశాడు. గుప్పెడంత యంత్రం బయటపడింది. ముసలాయన దాన్నీ, ఎమెట్ పొట్టనీ మార్చి మార్చి చూశాడు. హాట్‌డాగుల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"చెప్పొచ్చుగా!" అంది కోరిన్ పళ్ళు బిగించి.

"రెండుసార్లు చెప్పాను. నువ్వు మాత్రం అడగాల్సినప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు."

మిసెస్ హాలొవే ఏప్రన్ విప్పింది. "ఏజెంటు నీళ్ళలో పడ్డాడు, అందుకే గెలిచాం. రిపోర్టులో ఎలా రాయమంటావు?"

"బరువు బాధ్యతల నుంచి తప్పుకుని దేశాన్ని కాపాడాడని రాయండి, మేడమ్."

"సర్లే. దీన్ని దాచడానికి తాళం ఉన్న పెట్టె ఏదైనా ఉందా?"

అందరి కళ్ళూ పొద్దున ఎమెట్ రేవులో వదిలేసిన బోను మీద పడ్డాయి. కోరిన్ వెనక్కి జరిగింది. "ముట్టుకోకండి! అదేం ఆయుధమో అని పొద్దుట్నుంచీ నా గుండె దడదడలాడుతోంది. ఏముంది అందులోని పొట్లంలో?"

ఎమెట్ తల దించుకున్నాడు. "చేప బిస్కెట్లు."

గస్తీవాళ్ళు, చేపలవాళ్ళు, బేడీలు వేసినవాళ్ళు చుట్టూ మూగారు. ఇక దాచి లాభం లేదు. "ఫోన్‌లో నాకు క్యాట్ అని వినపడింది. పిల్లి అనుకున్నా."

"నేను కాటమరాన్ అన్నాను," అంది మిసెస్ హాలొవే నీరసంగా. "మరాన్ గరగరలో కొట్టుకుపోయినట్టుంది."

పావ్లాక్ నీళ్ళలో తేలుతున్న తన పడవ ముక్కల్ని చూసి, తడిసి ముద్దైన ఎమెట్‌ని చూశాడు.

"ఫోన్‌లో మరాన్ పోయింది, సరస్సులో క్యాట్ పోయింది. నాకు మిగిలిందల్లా ఈ బస్తా!"