టిమోతి తెచ్చిన మొద్దు

ఆకాశం మబ్బు పట్టింది గానీ చినుకు రాల్చలేదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని దుమ్ము కలిసిన బూడిద రంగు మబ్బు గోదావరిఖని మీదికి వంగి ఉంది. బెల్లంపల్లిలో చెల్లెలి ఇంట్లో నెల రోజులుండి రాత్రే వచ్చిన మార్తమ్మ, పెరడు ఊడవబోయి చీపురు పట్టుకునే నిలబడిపోయింది. ఏళ్లుగా గోడవార ఉన్న మొద్దు లేదు.

కూతురు ఎవాంజెలిన్ నర్సరీ షెడ్డులో కుండీలు సర్దుతోంది.

“ఈవా, గోడకాడి మొద్దేదే?”

“సామిల్లుకు పంపిన కట్టెలల్ల పోయింది అవ్వా. మొక్కలకేసే పీట్ మాస్, గా నాచుమట్టి, ఎక్కడో పరదేశం బురదనేలల్ల తవ్వుకొస్తరు, దొరుకుడే కష్టమైంది. అందుకే కట్టెను నార తీయించి కుండీలల్ల నింపిన. పుచ్చిన మొద్దుకు గంత ఫికరెందుకు?”

“అది మీ అన్న తెచ్చిందే!”

పెద్దకొడుకు టిమోతి బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టేవాడు. కోయగా మిగిలిన మొద్దులను షిఫ్టు దిగాక భుజాన వేసుకొని పొయ్యిలోకి తెచ్చుకోవడం అప్పట్లో అందరికీ అలవాటు. “అవ్వా, ఆదివారం దీనితోనే కోడికూర వండాలె” అని ఆ మొద్దును గోడకు ఆనించి పోయాడు. శనివారం డ్యూటీలో కప్పు అతని మీదే కూలింది. మొద్దు పొయ్యెక్కలేదు. ఆ ఇంట్లో మళ్లీ కోడికూర ఉడకలేదు. ఈవా అప్పుడు ఉయ్యాలలో పిల్ల.

“నాకెవరు చెప్పిన్రు?” ఈవా చేతిలోని కుండీ కింద పెట్టింది. “అన్న పేరెత్తితే బాపు లేచి బయటికి పోతడు. నువ్వు కొంగు అడ్డం పెట్టుకుంటవు. తెల్వకుంట దాచి, ఇప్పుడు నన్నంటె ఎట్ల?”

“ఏ కుండీల ఉన్నడే నా కొడుకు?”

ఈవా వరసల వంక చూసింది. “అన్నిట్ల కలిసిందే” అని ఏడ్చింది.

తండ్రి యిర్మియా తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. ఈసారి బయటికి పోలేదు. వచ్చి ఒక కుండీ పక్కన కూలబడ్డాడు.

“ఆకులెందుకు పసుపెక్కినయ్ బిడ్డా?”

“ఇంకా మట్టిల కలువని కట్టెనార బాపూ. మొక్కకేసిన ఎరువు ముందుగాల అదే తింటది. ఇంకింత పొయ్యాలె.”

మార్తమ్మ కుండీ దగ్గరికి వచ్చింది. “వానికెప్పుడూ ఆకలే. షిఫ్టు దిగి రాంగనే, కాళ్లన్న కడుగకుంట అన్నం గంజుల చెయ్యి పెట్టేటోడు.”

కళ్లు తుడుచుకొని ఎరువునీళ్ల చెంబు అందుకుంది. ఒక్కో కుండీకీ వంగి పోసింది. ఒక్కటీ వదల్లేదు.

ఆ రోజు ఆదివారం. చర్చి నుంచి వస్తూ యిర్మియా కోడిమాంసం సంచి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. మార్తమ్మ ఒక్క క్షణం ఆగి, గ్యాసు వెలిగించింది.

ముగ్గురూ కింద కూర్చున్నారు. తల్లి నీళ్ల గ్లాసు ఈవా ముందుకు జరిపి, ఇంకో ముక్క ఆమె కంచంలో వేసింది. ముగ్గురూ తిన్నారు.