మెట్ల కింది ఎర్ర సైకిల్

రెండువేల నాలుగు, నవంబరులో ఒక ఆదివారం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడే కొన్న పాత పుస్తకాల దుమ్మును తన ఆఫీసులో కూర్చుని దులుపుతున్నాడు ప్రైవేట్ డిటెక్టివ్ అమరేశ్వరరావు. ఆఫీసు తలుపు తోసుకుని ఒక అమ్మాయి పరుగున వచ్చింది. జరీ చీర, చేతినిండా కొత్త గాజులు, కళ్లనిండా నీళ్లు.

"సార్, మా ఆయన సైకిల్ ఎవరో ఎత్తుకపోయిన్రు! సాయంత్రం లోపల దొరకాలె!"

అసిస్టెంటు భవ్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఆమె పేరు జెర్లిన్, ఇల్లు నాంపల్లి. ఈమధ్యే పెళ్లయింది. ఆరోజు భర్త దేవకుమార్ పుట్టినరోజు.

"చిన్నప్పటి బీఎంఎక్స్ సైకిల్ సార్. అమ్మేసిన్రనే అనుకుంటుండు ఆయన. అటక మీద తుప్పు పట్టిన ఫ్రేమ్ నాకు దొరికింది. కొత్త సామాను వేస్తే అది ఆ సైకిల్ గాదు కదా! అందుకే ఆ కాలం సామానే వెతికిన. పసుపుపచ్చ ప్లాస్టిక్ చక్రాలు ఒక దగ్గర, హ్యాండిల్‌కు కట్టే మెత్తటి ప్యాడ్ ఇంకో దగ్గర..." చెబుతుంటే ఏడుపు మధ్యలోనే ఆమె ముఖం వెలిగింది. "నిన్ననే తయారైంది. దుప్పటి చుట్టి, రిబ్బన్ కట్టి మెట్ల కింద దాచిన. పొద్దున చర్చి క్వయర్ ప్రాక్టీసుకని ముందే గుడికి పోయిన. ఇయ్యాల కోత పండుగ. ఆరాధన అయినంక వేలంపాటకు ఆగకుండ, కేకు తీసుకుని ఇంటికొచ్చిన. చూస్తే సైకిల్ లేదు."

"అక్కడుందని ఎవరికి తెలుసు?"

"బాగుచేసిన భూమయ్యకు ఒక్కనికే. అత్తమ్మకు గూడ చెప్పలే. ఆమె కడుపుల మాట ఆగదు."

భూమయ్య దుకాణం నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఉంది. అతను చక్రం వంకర తీస్తూ తలెత్తాడు.

"ఆ సైకిల్ ఇవ్వబుద్ధి కాలేదని జెర్లిన్‌తో అన్నావట?" అడిగాడు అమరేశ్వరరావు.

"ఔ, అన్న. గంత ముద్దుగున్నది మరి. గంతమాత్రాన దొంగనైత్నా? పొద్దుగాల్నుంచి గీడనే ఉన్న. సందుల ఎవల్నన్న అడుగున్రి!"

ఎదురింటివాళ్లూ అదే చెప్పారు. భవ్య నిరాశపడింది. అమరేశ్వరరావు మాత్రం హుషారుగా జెర్లిన్ ఇంటివైపు నడిచాడు.

అత్తగారు ఏంజెలీనాకు జెర్లిన్ అతణ్ణి తన కాలేజీ మాస్టారని పరిచయం చేసింది. మెట్ల కింద నేల మీద బియ్యపు గింజలు చెల్లాచెదురుగా ఉన్నాయి.

"ఇక్కడ ఏమన్నా ఉండేవా అమ్మా?"

"పండుగకని పెట్టిన గుమ్మడికాయలు, బియ్యం బస్తా సారూ. పొద్దున ట్రాలీ ఆటోల గుడికి పోయినయ్."

"ఎక్కించేటప్పుడు మీరు దగ్గరున్నారా?"

"నేను వంటింట్ల ఉన్న. ఆటో అబ్బాయే ఎక్కించుకున్నడు."

అంతలో దేవకుమార్ ఈల వేసుకుంటూ వచ్చాడు. జుట్టు చెదిరి ఉంది. తెల్ల ప్యాంటు కుడికాలు అంచున నల్లటి జిడ్డు మరక.

"గుడి నుంచి ఎలా వచ్చావు బాబూ?"

"స్కూటర్ మీద సార్," అంటూ అతను గబగబా లోపలికి తప్పుకున్నాడు.

అమరేశ్వరరావు కళ్లు మెరిశాయి. "భవ్యా, భూమయ్యను కూడా టీకి పిలువు."

సాయంత్రం అందరూ హాల్లో కూర్చున్నారు. కేకు ముందు జెర్లిన్ ముఖం వాడిపోయి ఉంది. అమరేశ్వరరావు లేచి నిలబడ్డాడు.

"నేను మాస్టార్ని కాదు, డిటెక్టివ్‌ని. ఈ ఇంట్లోంచి ఒక వస్తువు పోయింది. కానీ ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ఏంజెలీనమ్మగారూ, ఆటో అబ్బాయికి మీరేమని చెప్పారు?"

"మెట్ల కింద ఉన్నయన్నీ ఎక్కించుమన్న... అయ్యో ప్రభువా!"

"అన్నీ ఎక్కించాడు. దుప్పట్లో మూటతో సహా. కోత పండుగకు కానుకగా వచ్చినవన్నీ ఆరాధన తర్వాత వేలం వేస్తారు. జెర్లిన్ వేలానికి ఆగలేదు. మీరూ ఆగలేదు."

"వంట ఉండె. ఆరాధన కాంగనే ఆటోల వచ్చిన."

"ఆగింది ఒక్కరే. స్కూటర్ నడిపితే ప్యాంటుకు గొలుసు మరక అంటదు. గొలుసుకు కవరు లేని సైకిల్ తొక్కితే కుడికాలికే అంటుతుంది. అవునా, దేవకుమార్?"

దేవకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. "వేలంపాటల నేనే పాడుకున్న సార్. దుప్పటి తీయంగనే పానం ఆగలే. పెండ్లయినోడు పిల్లల సైకిల్ కొన్నడని జెర్లిన్ నవ్వుతదేమోనని మొజంజాహీ మార్కెట్ల దోస్తు ఐస్‌క్రీం దుకాణంల పెట్టి, మల్ల స్కూటర్ కోసం గుడికి పోయిన. ఏం చేయాలె? అచ్చం నా సైకిల్ లెక్కనే ఉన్నది!"

"లెక్క కాదయ్యా. అది నీ సైకిలే. నీ భార్య వెతికి వెతికి బతికించిన సైకిల్."

దేవకుమార్ కుర్చీలోంచి లేచాడు. జెర్లిన్ వైపు చూశాడు. అతని ముఖం నిజంగానే పదేళ్ల పిల్లాడిదైంది. జెర్లిన్ ఏడుస్తూ నవ్వేసింది.

అందరూ మార్కెట్‌కు పరుగెత్తారు. దుకాణం ముందు దేవకుమార్ దుప్పటి లాగేసి సైకిలెక్కాడు. వెనక చక్రానికి రెండు పక్కలా ఉన్న కడ్డీల మీద జెర్లిన్ చీర కుచ్చిళ్లు దోపుకుని నిలబడి, అతని భుజాలు పట్టుకుంది.

"మెల్లగ పోరా! కోడలు పిల్ల పడ్తది!" ఏంజెలీనా అరిచింది.

"పడదమ్మా, బ్రేకులు నేనే కట్టిన!" అన్నాడు భూమయ్య.

గంట మోగించుకుంటూ ఆ ఎర్ర సైకిల్ మార్కెట్ గడియారపు రాతి గోపురం చుట్టూ తిరిగిపోయింది. భవ్య మెచ్చుకోలుగా గురువుగారి వైపు తిరిగింది. ఆయన మాత్రం మలుపు మీదనుంచి కళ్లు తిప్పకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"భవ్యా, వాళ్లొచ్చాక నాకో రౌండు ఇస్తారంటావా?"