ఏనుగుబండ దారిలో పల్చని దుప్పటి

సన్యాసిరావు మాస్టారు బొగ్గుపొడి రుద్దగానే బండ మీద గీతలు తేలాయి. పైన నెలవంక, దాని కింద తొండం చాచిన ఏనుగు, ఏనుగు కాళ్ల దగ్గర ఒక గంట. శత్రువులు వస్తున్నారని తెలిసి పూర్వం ఎవరో కొండదొర గుడి వెండిని గుహలో దాచాడని తూర్పు కనుమల్లో ఆ మూల ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథకు దొరికిన మొదటి ఆధారం ఇదే. ఆ రోజు మాస్టారి పక్కన ఉన్నది గౌరీశ్వరి ఒక్కతే. బడిలో ఆయన దగ్గర చరిత్ర చదువుకుని, ఆ తర్వాత ఆయన వెంట కొండలెక్కడం మరిగిన మనిషి ఆమె.

"ఈ గుర్తు మనిద్దరిదీనమ్మా," అన్నారు మాస్టారు.

గౌరి ఆ మాటను చలికాలమంతా మనసులో దాచుకుంది.

వేసవిలో ఆ గుర్తులోని ఏనుగును వెతుక్కుంటూ బయలుదేరేసరికి ఇద్దరు కాస్తా ముగ్గురయ్యారు. మూడో మనిషి నీలవేణి, మాస్టారి కొత్త శిష్యురాలు. అడవుల్లో చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టుకుని పడుకోవడం ఆమెకు అలవాటు. నేల మీద తేళ్లూ పాములూ తిరిగే కాలం కాబట్టి ఈసారి అందరం ఊయలల్లోనే పడుకుందామని మాస్టారు తీర్మానించారు. జీపు దారి ఆగిపోయిన చోట సామాన్లు దించారు. గౌరి తను కుట్టిన మూడు బొంతలు బయటకు తీసింది. అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, పండగ సెలవుల్లో కూర్చుని కుట్టినవి. నీలవేణి సంచిలోంచి మూడు చిన్న దుప్పటి చుట్టలు తీసింది. ఒక్కోటి రొట్టెముక్క కన్నా పెద్దగా లేదు.

"ఇంత పల్చటిది కప్పుకుంటే తెల్లారగట్ల చలి ఆగుతాదేటి?" అంది గౌరి.

"ఊయల్లో చలి పైనుంచి రాదక్కా. వీపు కింద గాలి ఆడతాది కదా, అక్కడ్నుంచి తగుల్తాది. అందుకే పల్చటి దూది పొర ఒకటి ఊయల అడుగున, బయటవైపు వేలాడగడతాను. పైకి ఈ మల్లుగుడ్డ దుప్పటి చాలు. ఉక్కపోస్తే తీసేయడమే."

"బొంత పరుచుకుంటే సరిపోదా?"

"మన బరువుకి నలిగి అట్టలా అయిపోతాదక్కా. పైన కప్పుకుంటే చెమట. ఆ చెమట ఆరేటప్పుడు మళ్లీ చలి."

మాస్టారు ఒక చేత్తో బొంతను, ఇంకో చేత్తో ఆ చుట్టను ఎత్తి చూశారు. "ఈ ఎండలో బొంత బరువుకి బదులు నీళ్లు మోసుకోవచ్చమ్మా గౌరీ. నీలవేణి చెప్పిందే బాగుంది. బొంతలు జీపులో ఉంచేద్దాం."

ఆయన మామూలుగానే అన్నారు. గౌరి గుండెలో మాత్రం నిప్పు పడింది. రెండు బొంతలు జీపులో పెట్టింది, నీలవేణి ఇచ్చిన చుట్ట వద్దని మూడోది పంతం కొద్దీ వీపున వేసుకుంది.

దారి పొడవునా ఆ బొంత ఆమెను పీడించింది. వెదురు పొదల్లో చిక్కుకుంది, వాగు దాటుతుంటే తడిసింది, ఎక్కుడులో భుజాలు కోసింది. ముందు నడుస్తున్న నీలవేణి ఏదో అడగడం, మాస్టారు నవ్వి జవాబు చెప్పడం వినపడుతూనే ఉంది. ఒకప్పుడు ఆ ప్రశ్నలు అడిగింది తనే. ఏనుగు ఆకారంలో ఉన్న పెద్ద బండ కనబడగానే ముందుగా కేక వేసింది కూడా నీలవేణే. ఆ కేక కన్నా, దానికి మాస్టారు చప్పట్లు కొట్టడం గౌరిని ఎక్కువగా కాల్చింది.

బండకు దిగువన ఊయలలు కట్టుకున్నారు. పొద్దుగూకినా రాయి సెగలు కక్కుతూనే ఉంది. బొంత కింద గౌరి చెమటతో నానిపోయింది. తీసేద్దామంటే పక్క ఊయల వాళ్లు చూస్తారేమోనని అభిమానం. తెల్లవారుతుండగా కొండగాలి వీచింది. తడిసిన ఒంటికి, ఏ అడ్డూ లేని వీపుకి అది చురకత్తిలా తగిలి మెలకువ వచ్చేసింది. పక్కన నీలవేణి పల్చని దుప్పటి గడ్డం దాకా లాక్కుని పసిపిల్లలా నిద్రపోతోంది.

అప్పుడే గౌరి కంట పడింది. గబ్బిలాల గుంపు ఒకటి ఆకాశంలోంచి దిగి, ఏనుగు తొండంలాంటి రాతి కింద, తీగల వెనక మాయమైపోతోంది. ఆ తీగల వెనక గుహ ఉంది.

ఆమె లేచి కూర్చుంది. మాస్టారిని పిలవబోయి ఆగింది. పిలిస్తే ముగ్గురూ కలిసి వెళ్తారు. రేపు కథ చెప్పుకునేటప్పుడు అందులో నీలవేణి పేరు కూడా ఉంటుంది.

ఉదయమంతా వాళ్లిద్దరూ బండకు అవతలివైపు వెతుకుతుంటే గౌరి నోరు మెదపలేదు. మధ్యాహ్నం మబ్బు కమ్ముతుండగా కట్టెలు తెస్తానని చెప్పి, టార్చి, తాడు తీసుకుని తీగల్లోకి దూరింది.

లోపల గబ్బిలాల కంపు. మోచేతుల మీద పాక్కుంటూ వెళ్లింది. దారి విశాలమై ఒక గదిలా తెరుచుకుంది, దాని నడుమ లోతైన గొయ్యి. గోడకు తొలిచిన మెట్లు దిగుతూ వెళ్లింది. చివరి మెట్లు విరిగిపోయి ఉంటే కిందికి దూకింది. టార్చి వెలుగులో, రాతి అరుగు మీద, పచ్చగా చిలుము పట్టిన గంగాళం. నిండా వెండి గంటలు, కడియాలు, అమ్మవారి చిన్న కిరీటం. గంగాళం చెవికి తాడు కట్టి, రెండో కొస పైన పొడుచుకొచ్చిన రాతి మీదుగా విసిరి కిందికి అందుకుంది. లాగబోతుండగా పైనుంచి పిలుపు వినిపించింది.

"గౌరక్కా... తీగలు తొలిగున్నాయి, లోపల ఉన్నావా? వాన ఒస్తంది, ఒచ్చీ."

గౌరి టార్చి ఆర్పేసింది.

"అక్కా, పలకవేటి? దెబ్బ తగిల్నాదా?"

గంగాళం పైకి చేరేదాకా అది తనదే. ఇంకొంచెంసేపు చాలు. చీకట్లో పెదవులు బిగపట్టుకుని నిలబడింది. అడుగుల చప్పుడు గొయ్యి అంచుకు దగ్గరైంది. రాళ్లు జారిన శబ్దం, ఒక అరుపు, ధబ్బున ఏదో పడిన చప్పుడు.

టార్చి వెలిగించేసరికి నీలవేణి ఆమె కాళ్ల దగ్గరే పడి ఉంది. పాదం అటు తిరిగిపోయి ఉంది. గౌరి ముఖం కన్నా ముందు ఆమె కళ్లు గంగాళం మీద పడ్డాయి, తర్వాత గౌరి చేతిలోని టార్చి మీద.

"ఇక్కడే ఉన్నావా?" అంది నెమ్మదిగా.

అంతలో కొండ కడుపులో ఏదో గుడగుడలాడింది. పైన వాన కొట్టేసింది. గోడ పగులులోంచి ఎర్రటి నీళ్లు చిమ్ముకొచ్చాయి. క్షణాల్లో చీలమండలు మునిగాయి, ఆ వెంటనే మోకాళ్లు.

"మాస్టారూ! ఇటు రండి!" గౌరి గొంతు చిరిగేలా అరిచింది.

ఆయన అప్పటికే వెతుక్కుంటూ వచ్చారు. అంచున బోర్లా పడుకుని టార్చి కిందికి చూపారు. ఆ మసక వెలుగు గొయ్యి అడుగుదాకా అందలేదు. "తాడేదమ్మా?"

ఉన్న ఒక్క తాడూ గంగాళానికి బిగిసి ఉంది. ముడి నీళ్లకు నాని రాయిలా అయింది. గౌరి ఒక్కసారి ఆ కిరీటం వైపు చూసి, నడుముకున్న కత్తి తీసి తాడు కోసింది. ఆ ఊపుకి గంగాళం అరుగు మీదనుంచి ఒరిగింది. గంటలన్నీ ఒక్కసారిగా మోగి బురదనీళ్లలోకి జారిపోయాయి.

వానకు తడవకుండా తెచ్చుకున్న ఊయల గుడ్డ నీలవేణి భుజాన చుట్టి ఉంది. దాన్ని విప్పి, అందులో ఆమెను కూర్చోబెట్టి, కొసలు రెండూ తాడుకి కట్టి, తాడు రెండో కొసను మాస్టారికి విసిరింది గౌరి. "లాగండి," అంటూ తన భుజం కింద ఆనించి నెట్టింది. మాస్టారు పైనుంచి లాగారు. మెట్ల అంచుకి చేరేసరికి నీళ్లు గౌరి రొమ్ము దాకా వచ్చాయి. తర్వాత తాడు మళ్లీ కిందికి పడింది. ముగ్గురూ పాక్కుంటూ, ఈడ్చుకుంటూ బయటపడ్డారు. వెనకాల గుహ నోట్లోంచి బురద, రాళ్లు, చచ్చిన గబ్బిలాలు కొట్టుకొచ్చాయి. వాన వెలిసేసరికి అక్కడ దారి ఉండేదన్న గుర్తు కూడా లేదు.

వెదురుబద్దలు పెట్టి పాదానికి కట్టు కడుతూ గౌరి అంది. "మాస్టారూ, నీలవేణి పిలిచినప్పుడు నేను విన్నాను. కావాలనే పలకలేదు. గుహ సంగతి తెల్లవారుజామునే తెలిసింది. అదీ చెప్పలేదు."

మాస్టారి ముఖంలో కోపం కన్నా అలసట ఎక్కువ కనిపించింది.

నీలవేణే నోరు విప్పింది. "నేను మీ దగ్గర చేరిన నాటినుంచీ మాస్టారు ఒకటే మాట, గౌరీ నేనూ ఆ రాయి చదివాం అని. వినీ వినీ ఒళ్లు మండిపోయేదక్కా. నీకు తెలీనిది నాకొక్కటైనా తెలియాలని ఆ దుప్పట్ల గురించి అంత నేర్చుకున్నాను. నీ బొంతలు జీపులో పెట్టించిన రోజు నాకెంత సంతోషమైందో నీకు తెలీదు." ఆగి, పళ్ల బిగువున మళ్లీ అంది. "అయినా నేను పిలిస్తే నువ్వు పలకాల్సింది."

"అవును," అంది గౌరి. కట్టుకి ఆఖరి ముడి వేసింది.

మర్నాడు నీలవేణిని ఊయలలో పడుకోబెట్టి, ఒక వెదురు బొంగుకి కట్టి ఇద్దరూ మోశారు. ముందు గౌరి, వెనక మాస్టారు. వాగు దగ్గర దించి సేద తీరుతుండగా ఆయన, ఇక ఉండబట్టలేక, పసివాడిలా అడిగారు.

"అమ్మా, ఎలా ఉందది? నా కంటికి చీకటే తప్ప ఏమీ కనబడలేదు."

గౌరి చెప్పింది. గంగాళం మీది చిలుము, గంటల నాలుకలు, అరచేతిలో పట్టేంత కిరీటం. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "మీలో ముందుగా చూసిందెవరు?" అని అడిగారు, పుస్తకంలో రాసుకునేవాడిలా.

గౌరి నీలవేణి వైపు చూసింది.

"ఇద్దరం కలిసే చూశాం మాస్టారూ," అని చెప్పి గౌరి వంగి, బొంగు కొసను మళ్లీ భుజానికెత్తుకుంది.