పూజలో ఉన్నారు

తెల్లవారుతూనే శివరామకృష్ణ వీధి తలుపు గడియ వేశాడు. ఆయన స్కూలుకి బయలుదేరేదాకా ఇక ఆ తలుపు తెరుచుకోదని వీధిలో అందరికీ తెలుసు. ఆయన పూజలో ఉంటాడు. రాజమండ్రిలో గుళ్ళకీ భక్తులకీ కొదవ లేదు గానీ, హైస్కూల్లో గుమాస్తా పని చేసుకునే మనిషి రోజూ తలుపులు బిగించుకుని అంతసేపు పూజ చేయడం ఆ వీధివాళ్ళకి గొప్పగా ఉండేది. కోరుకొండ తీర్థానికి వెళ్ళొచ్చినవాళ్ళు ప్రసాదం ముందు ఆయనకే పెట్టేవారు. పరీక్షలకి వెళ్ళే పిల్లలు హాల్ టికెట్టు ఆయన చేత ముట్టించుకుని మరీ వెళ్ళేవారు.

నిజానికి ఆ వేళంతా ఆయన వంట చేసేవాడు.

భార్య పాపాయికి కీళ్ళవాతం. కూతురు హారతి ఇంకా చిన్న బడిలో ఉండగా వేళ్ళతో మొదలై మణికట్ల దాకా పాకింది. ఇప్పుడామె వేళ్ళు పక్కకి వంగిపోయి గరిటె కూడా నిలవదు. ఆ రోజుల్నుంచీ అన్నం వార్చేదీ, పప్పు ఎనిపేదీ, పులుసు పెట్టేదీ ఆయనే. పాపాయి ముందుగదిలో కిటికీ దగ్గర కాపలా కూర్చునేది. తప్పనిసరి పని మీద ఎవరైనా వచ్చి గేటు చప్పుడైతే దగ్గేది. ఆ దగ్గు వినగానే ఆయన నడుముకి చుట్టుకున్న తువ్వాలు భుజం మీదికి మార్చుకుని, నుదుట విభూతి రాసుకుని వచ్చి తలుపు తీసేవాడు. ఈలోగా ఆవిడ వెళ్ళి పొయ్యి ముందు నిలబడేది. ఇన్నేళ్ళలో ఒక్కరికైనా అనుమానం రాలేదంటే ఆ ఇంటివాళ్ళ నటన ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఆ నటనే ఇప్పుడు హారతి మెడకి చుట్టుకుంది.

మాఘమాసంలో భీమవరం నుంచి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు టిఫిన్లు తిని వెళ్ళిపోవలసింది. వాళ్ళ అంబాసిడర్ కారు వీధి మలుపులో మొరాయించింది. భోజనాలకి ఉండిపోయారు. ఆ రోజు ఇంట్లో పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. పెళ్ళికొడుకు తల్లి అచ్చాయమ్మ కూర మారు వేయించుకుని, "ఎవరు చేశారండీ ఇది?" అని అడిగింది. శివరామకృష్ణకి పొలమారింది. పాపాయి కంగారులో, "మా అమ్మాయేనండి" అనేసింది. అచ్చాయమ్మ చేయి కడుక్కుంటూనే మాట ఇచ్చేసింది.

"ఇంకే సంబంధమూ చూడమండి. ఈ చెయ్యి మా ఇంటికొస్తే చాలు."

డిగ్రీ చదివిన హారతికి అప్పటికి చేతనైన వంట కాఫీ కలపడమొకటే. ఆ పిల్ల నేర్చుకోనందువల్ల కాదు, నేర్చుకోనివ్వనందువల్ల. నీకెందుకు, నువ్వు చదువుకో అని తండ్రి అనేవాడు. నువ్వు గరిటె పట్టుకుంటే, అమ్మకి చేతకాక పిల్ల చేత చాకిరీ చేయిస్తోందని అంటారే అని తల్లి ఏడ్చేది.

వైశాఖంలో పెళ్ళయింది. కొత్త కోడలు గదా అని అత్తగారు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. భర్త మురళీకృష్ణ నెమ్మదస్తుడే. అతనితో నిజం చెప్పేద్దామని నోరు తెరవడం, అమ్మ మొహం గుర్తొచ్చి మానేయడం ఆమెకి అలవాటైపోయింది. ఆషాఢం రాగానే ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి బయలుదేరింది. అప్పుడు చెప్పింది అచ్చాయమ్మ.

"శ్రావణంలో నాకు కంటి ఆపరేషన్ అమ్మా. పొగా సెగా తగలకూడదన్నారు డాక్టరు గారు. నువ్వు రాగానే వంటిల్లు నీకప్పజెప్పేస్తాను. మా కోడలి చేతి వంట తిందురు గాని రండని చుట్టాలందరికీ చెప్పేశాను."

అలా ఆషాఢమాసం ఆ ఇంట్లో బడి పెట్టింది.

"భయపడకమ్మా. ఇల్లు గడవడానికి అన్నీ రానక్కర్లేదు," అన్నాడు తండ్రి మొదటి రోజు. "అన్నం వార్చడం, పప్పు, చారు, ఒక పులుసు, ఒక వేపుడు, ఒక రోటిపచ్చడి. ఇవి మనిషన్న ప్రతివాడికీ రావాలి. ఇవి చేతికొస్తే మిగతావన్నీ వీటి చుట్టాలే."

చెప్పడం గుసగుసగానే చెప్పేవాడు. పూజలో ఉన్న మనిషి గొంతు వంటింట్లోంచి వినబడకూడదు కదా. కిటికీ రెక్కలు మూసి ఉండేవి. పొయ్యి సెగ, ఆషాఢపు ఉక్క, ఇంగువ ఘాటు, చెవి దగ్గర తండ్రి గుసగుసలు. "మినప్పప్పు ఎర్రబడనీ... తొందరపడకు... చారు మరగనివ్వకు, పొంగు రాగానే దింపెయ్." హారతికి ఊపిరాడేది కాదు. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు సున్నా. అన్నం అయితే గంజి, లేకపోతే పలుకు. రాత్రిళ్ళు కళ్ళు మూస్తే భీమవరంలో విస్తళ్ళ ముందు కూర్చున్న చుట్టాలు కనిపించేవారు.

ఆ రోజు పప్పు అడుగంటింది.

హారతి గరిటె గట్టు మీద విసిరేసింది. "నా వల్ల కాదు నాన్నా. అత్తయ్యగారితో నిజం చెప్పేద్దాం."

"మెల్లిగా!"

"ఏంటి మెల్లిగా? ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో మెల్లిగానే బతుకుతున్నాం. ఇక్కడ తలుపులేసుకుని అబద్ధమాడాలి, అక్కడికెళ్ళి తలుపులేసుకుని ఏడవాలి. నేనెప్పుడు బయటికొస్తాను చెప్పండి?"

కేకలు విని పాపాయి ముందుగదిలోంచి లేచి వచ్చింది. కిటికీ దగ్గర కాపలా లేకుండా పోయింది.

"తప్పు నాదేనే తల్లీ. నేనే ఆ రోజు నోరు జారాను. కానీ ఇప్పుడు చెప్తే ఎలా? మీ నాన్నగారు ఇన్నేళ్ళూ కాపాడుకున్న పరువు..."

"నాన్న పరువు కోసం నా కాపురం ఏమైపోయినా పరవాలేదా?"

శివరామకృష్ణ కూతురి వైపు చూడలేక పొయ్యి వైపు తిరిగాడు. అన్నం ఉడికిపోయింది. గిన్నె మీద మూత అదిమిపెట్టి, గుడ్డతో పట్టుకుని, పెరటి గుమ్మం దగ్గర గంజి వార్చడానికి వంచాడు.

"అన్నయ్యగారు పూజలో ఉంటారని వీధి తలుపు కొట్టలేదండీ వదినగారూ!" అంటూ పెరట్లోంచి గొంతు వినిపించింది. "పైగా ఆషాఢంలో అత్తాకోడళ్ళం ఒకే గడప దాటకూడదాయె. పక్కసందులోంచి ఇలా వచ్చేశాను. నిన్న కళ్ళ డాక్టరుకి చూపించుకుని ఇక్కడే మా తమ్ముడింట్లో..."

అచ్చాయమ్మ మాట అక్కడే ఆగిపోయింది. ఎదురుగా వియ్యంకుడు. బనీను, నడుముకి తువ్వాలు, మొహం నిండా ఆవిరి. గంజి ధారగా పడుతోంది. సగంలో గిన్నె ఎత్తితే అన్నం ముద్దయిపోతుంది, వదిలేస్తే కాళ్ళ మీద పడుతుంది. పారిపోవడానికి లేక ఆయన అలాగే వంగి నిలబడిపోయాడు.

"నాకు ఒంట్లో నలతగా ఉంటేనూ... ఇవాళొక్క రోజూ..." అంది పాపాయి.

అచ్చాయమ్మ కళ్ళకి పొర కమ్మి ఉండొచ్చు గానీ వంటావిడ కళ్ళు అవి. గిన్నె వంచిన తీరు చూసింది. ఆయన ముంజేతుల మీద పాతబడిన నూనె మచ్చలు చూసింది. "ఇవాళేనా వదినగారూ?" అంది.

"రోజూనండి అత్తయ్యగారూ," అంది హారతి. తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమెకే తెలియదు. "ఆ రోజు పనసపొట్టు కూర కూడా నాన్నే చేశారు. నాకు వంట రాదు. ఈ నెలలోనే నేర్చుకుంటున్నాను. అదీ సరిగ్గా రావట్లేదు."

పాపాయి గోడకి ఆనుకుంది. అచ్చాయమ్మ మొహం ఎర్రబడింది.

"అయితే నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట. ఊరంతా చెప్పుకున్నానండీ! మా చుట్టాలకి నేనేం మొహం చూపించను? మగాడు వంట చేస్తే మేమేమన్నా కొడతామా? పూజ పేరు చెప్పి దేవుణ్ణి కూడా అబద్ధంలోకి లాగారు. అంత సిగ్గేంటండీ అన్నయ్యగారూ మీకు?"

శివరామకృష్ణ గిన్నె కింద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వంటింట్లో ఏళ్ళ తరబడి గుసగుసలాడిన ఆ మనిషి మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు.

"నాకు సిగ్గెందుకండీ? అన్నం వండటం దొంగతనమా? మా ఆవిడ చేతులు పడిపోయిన కొత్తలో మా అమ్మ నన్ను పక్కకి పిలిచింది. పనికిరాని మనిషిని పుట్టింట్లో దిగబెట్టేసి రా, ఇంకో పిల్లని చూస్తాం అంది. మా అక్కలూ అదే మాట. మర్నాడు వాళ్ళని బస్సెక్కించి వచ్చి తలుపు గడియ పెట్టాను. పనికిరానిదన్న మాట ఇంకెవరి నోటా రాకూడదు, ఈవిడ చెవిన పడకూడదు. అంతేనండి. పూజ అని వాళ్ళూ వీళ్ళూ అనుకున్నారు, నేను కాదనలేదు."

పాపాయి భర్త వైపు తిరిగింది.

"నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?"

"చెప్పేమాటా అది?"

"మీకు సిగ్గనుకున్నానండి," అంది ఆమె. "ఆడంగి పని చేయాల్సొచ్చిందని లోపల్లోపల కుమిలిపోతున్నారనుకున్నాను. నా వల్లే ఈ మనిషికి ఇంత తలవంపులని, మీ పరువు పోకూడదని కిటికీ దగ్గర కాపలా కూర్చున్నానండి. ఒక పేరంటానికి వెళ్ళలేదు. ఒక రోజు మా అమ్మ దగ్గర పడుకోలేదు. మీకోసమనుకున్నాను."

"నేను నీకోసమనుకున్నాను," అన్నాడాయన.

పాపాయి వంకర వేళ్ళతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. హారతి వెళ్ళి తల్లిని పట్టుకుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఒకే ఇంట్లో ఖైదీలయిపోయారు. తాళం లోపలే ఉందని ఇద్దరికీ తెలియలేదు. తండ్రిది పిరికితనమనీ, తల్లిది చాదస్తమనీ ఇన్నాళ్ళూ విసుక్కున్నందుకు హారతి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

అచ్చాయమ్మ వెళ్ళి నూతిపళ్ళెం గట్టు మీద కూర్చుంది. చెంగుతో కళ్ళద్దుకుని, అది కంటి జబ్బు వల్లేనన్నట్టు అటు తిరిగింది.

"అన్నం చల్లారిపోతోంది. నాకేమన్నా పెడతారా, ఇలాగే పొమ్మంటారా?"

హారతి కంగారుగా కంచం కడిగింది. శివరామకృష్ణ వడ్డించాడు. అన్నం, అడుగంటని మేర పైపైన తీసిన తోటకూర పప్పు, బెండకాయ వేపుడు, హారతి కాచిన చారు. గడప దాటకుండా కంచం బయటికి అందించారు. అచ్చాయమ్మ ముద్ద కలుపుతూ అంది.

"ఆ రోజు భోజనం నాకెందుకంత నచ్చిందో తెలుసా అమ్మాయ్? కూర బాగుండటం వల్ల కాదు. బాగుందనుకో. కానీ నేను వండకుండా, వేడివేడిగా ఒకరు వడ్డిస్తే కూర్చుని తిన్నాను చూడు, అది. మా ఇంట్లో నాకు జ్వరమొస్తే నేనే లేచి నాకు జావ కాచుకోవాలి. మీ మావగారికి స్టవ్ ఏ వైపు తిప్పాలో తెలీదు. మీ ఆయనకీ అంతే. ఆపరేషన్ అంటే నాకు భయం లేదు. కళ్ళకి గంతలు కట్టాక నాకింత ముద్ద ఎవరు పెడతారన్నదే భయం. అందుకే నిన్ను చూడగానే గట్టిగా పట్టేసుకున్నాను."

అత్తగారు గయ్యాళి కాదని హారతికి ముందే తెలుసు. కానీ ఇంత అలిసిపోయిందని తెలియదు. తనకి అప్పజెబుతానన్న ఆ వంటింట్లో ఆవిడ ఎన్నేళ్ళు ఒంటరిగా నిలబడిందో మొదటిసారి తట్టింది.

"నేను పెడతాను అత్తయ్యగారూ. ఉప్పూ కారం అటూ ఇటూ అయినా మీరు సర్దుకోవాలి. కానీ..." గుమ్మం దాకా వచ్చింది. "కానీ ఆ వంటింట్లో నేనొక్కదాన్నే ఉండలేనండి. ఆయన కూడా నేర్చుకోవాలి."

పాపాయి భయంగా చూసింది. వియ్యపురాలితో అనే మాటేనా అది? అచ్చాయమ్మ చారు జుర్రుకుని మొహం చిట్లించింది.

"ఉప్పు కషాయంలా ఉంది. వాణ్ణి చిన్నప్పుడు వంటింట్లోకి రానీకుండా తరిమింది నేనే. మగపిల్లాడివి నీకెందుకురా అన్నాను. వాణ్ణేం అంటాను? అన్నయ్యగారూ, శ్రావణం రాగానే పిల్లని తీసుకెళ్ళడానికి మా అబ్బాయి వస్తాడు. కొన్నాళ్ళు ఇక్కడే అట్టేపెట్టుకుని వాడిచేత అన్నం వార్పించండి. పప్పూ చారూ వచ్చేదాకా పంపకండి. ఆపరేషన్ అప్పుడే చేయించుకుంటాను."

"చుట్టాలకేం చెప్తారండీ?" అంది పాపాయి.

"వంట రాదని చెప్తాను. రెండు రోజులు నవ్వుతారు. మీరు నాతో అబద్ధమాడారన్న కోపం మాత్రం నాకింకా పోలేదు వదినగారూ, పోయినప్పుడు చెప్తాను. కాస్త పప్పు వెయ్యండి అన్నయ్యగారూ."

ఇంత సందడీ పక్కింట్లో వినబడకుండా ఎందుకుంటుంది? ప్రహరీ గోడ మీంచి నాగదుర్గ తల పైకి లేచింది.

"పాపాయి గారూ! వియ్యపురాలు వచ్చినట్టున్నారే! ఘుమఘుమలు మా ఇంటిదాకా వస్తున్నాయి. ఏం వండారేంటి?"

శివరామకృష్ణ చటుక్కున తలుపు చాటుకి జరగబోయాడు. హారతి తల్లి మొహం చూసింది. పాపాయి కన్నీళ్ళు తుడుచుకోకుండానే పెరట్లోకి దిగి, గోడ దాకా నడిచింది.

"నాకు తెలీదు నాగదుర్గ గారూ. మా ఇంట్లో వంట మా వారిది. ఉండండి, అడిగి చెప్తాను."

వెనక్కి తిరిగి, ఆ వీధి ఆ చివరిదాకా వినబడేలా పిలిచింది.

"ఏవండీ! ఇవాళ మనింట్లో ఏం కూరండీ?"