గాలి లేని రోజు

ధ్రువం దగ్గరున్న ఆ రాడార్ స్టేషన్‌లో చలి మామూలుది కాదు. అక్కడ ఆవలింత మొదలుపెట్టినవాడికి నోరు మూసుకోవడానికి పక్కవాడి సాయం కావాలి. అలాంటి చోట కూడా రాడార్ ఆపరేటర్ నోరు మాత్రం మూతపడేది కాదు. అందుకే అందరూ అతణ్ణి కోతలబాబు అనేవారు.

వేసవి మొదట్లో రాడార్ లెక్కలు చూడ్డానికి లెక్కల మేడం విమానం దిగింది. దిగిన పూటే ఇద్దరికీ చెడింది.

"తెరమీది ఈ ఎకో కింద 'భయంకరమైన టర్బులెన్స్' అని రాసిందెవరండీ?"

"నేనే. పైన కవ్వం పెట్టి చిలికినట్టు సుడులు తిరుగుతుంటేనూ!"

"సుడులూ లేవు, గాడిదగుడ్డూ లేదు. గాలి జోరుగా వీచినా ఎకో ఇలాగే చెదురుతుంది. ముందు లెక్కలోంచి గాలిని తీసెయ్యాలి. మిగిలిందే అసలైన అలజడి."

తీసేసింది. తెరమీద ఏమీ మిగల్లేదు. అలజడంతా కోతలబాబు మొహంలో మిగిలింది.

ఇద్దరి పనీ అదే. బెలూన్లకు కూడా అందనంత ఎత్తుకు తరంగాలు పంపి, తిరిగొచ్చిన ఎకోను బట్టి అక్కడి గాలి ఎంత కలతపడుతోందో చూడటం.

"మేడం, ఇందాక మీరు నవ్వారా? బయట మంచుకొండ ఒకటి పక్కకి ఒరిగింది. నా కళ్ళతో చూశా."

"గాలి తీసేశానండీ. ఏమీ మిగల్లేదు."

ఆ వేసవంతా అదే ఆట. ఒకరోజు టీ గ్లాసులు కడుగుతూ అతను మామూలుగా అన్నాడు. "మీరు లేకపోతే నేను బతకలేనండీ."

"గాలి తీసేశాను. సున్నా!" అని ఆమె పకపకా నవ్వింది.

అతనూ నవ్వాడు. ఆ నవ్వు బరువు మోసినవాడికే తెలుసు.

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. ఈ రాడార్ మూసేస్తున్నారు. ఆమెకు భూమికి ఆ చివర, రెండో ధ్రువంలో ఉద్యోగం. ఐదేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టేసింది. అతను చలికాలమంతా ఇక్కడే ఉండి యాంటెనాలు విప్పాలి.

ఆఖరి విమానం వచ్చింది. ఈసారి కోతల్లేకుండా చెప్పాలని ఒట్టు పెట్టుకుని ఆమె బ్యాగు మోసుకుంటూ నడిచాడు కోతలబాబు. తీరా చూస్తే, కోతలు తీసేశాక నోట్లో ఒక్క మాటా లేదు.

"ఏంటి బాబుగారూ, ఇవాళ ఏ మంచుకొండా ఒరగలేదా?"

తల అడ్డంగా ఊపాడు. బ్యాగు అందిస్తుంటే చేతులు వణికి దాని బకిల్స్ గలగలలాడాయి. గడ్డం కూడా వణుకుతోంది.

"చలా?"

మళ్ళీ తల అడ్డంగా ఊపాడు.

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఇవాళ గాలే లేదు... తీసెయ్యడానికి ఏమీ లేదు. అయితే ఇదంతా... ఇన్నాళ్ళూ ఎందుకండీ అంత గాలి?"

పైలట్ కేకేశాడు. ఆమె మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి చూసింది. కోతలబాబు నోరు తెరిచాడు. అప్పటికి ఇంజన్లు హోరెత్తాయి.

స్టేషన్‌కి తిరిగొచ్చి అతను ఆఖరిసారి రాడార్ వేశాడు. పైన గాలి అంకె సున్నా దగ్గరే నిలబడింది. ఎకో మాత్రం చెదిరి చెదిరి తెరంతా పరుచుకుంది.

ఈసారి కింద ఏమీ రాయలేదు. స్విచ్ కట్టేశాడు.