సంతకానికి ముందే వచ్చిన చెక్కు

...అయినా మనిషిని కాల్చేముందు గొంతు సవరించుకోవడం ఏమిటి? పని వేలితో కదా, గొంతుతో ఏం పని? కాన్ఫరెన్స్ హాల్లో మైకు ముందు నిలబడి "దాతల బృందానికి స్వాగతం" అంటున్న డైరెక్టర్‌కి తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

కాలేజీలో రీసెర్చ్ గ్రాంట్ల ఆఫీసుకి అతను అధిపతి. అది వేషం. బ్లేజర్ కింద ఎడమ చంకలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. అది నిజం. కానీ ఏళ్ల తరబడి వేసుకున్న వేషం ఒంటికి అంటుకుపోతుందని శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఈమధ్య పీడకలల్లో కూడా శత్రువులు రావడం లేదు. తిరిగొచ్చిన ప్రపోజల్సే వస్తున్నాయి.

ఉదయం గూఢచారి సంస్థ చీఫ్, ఆడిటర్ వేషంలో, అతని గదికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇవాళ నీ దగ్గరికొచ్చేది దొంగ బృందం. అసలు వాళ్లని దారిలోనే గొంతులు కోసి కాలవలో పడేశారు. సరిహద్దు అవతలి ముఠా."

"టార్గెట్?"

"మీ పెద్దమ్మ."

కాలేజీ అంతా పెద్దమ్మ అని పిలిచే కెమిస్ట్రీ ప్రొఫెసర్. ముఠా తయారుచేసిన విషవాయువుకి ఆమె విరుగుడు కనిపెట్టింది. దాని చివరి మెట్టు ఆమె తలలో తప్ప మరెక్కడా లేదు. ఆ తల రాలితే విరుగుడూ లేదు.

"గేటు దగ్గరే పట్టుకోవచ్చుగా?"

"పట్టుకుంటే మిగతా ముఠా గాలికి ఎగిరిపోతుంది. ఆయుధంతో సహా దొరకాలి." చీఫ్ ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. "చంపబోయేది ఈవిడ. నీ మరదలు. మనల్ని వదిలేసి వాళ్లకి అమ్ముడుపోయింది. చెయ్యి లేపేలోగా క్లోజ్ చెయ్యి."

సొంత మరదలేం కాదు. ఒక పాత మిషన్‌లో ఇద్దరూ బావామరదళ్లుగా నటించారు. మిషన్ ముగిసింది. వరస మాత్రం మిగిలిపోయింది.

ఉపన్యాసం అయ్యాక టీ కప్పుతో ఆమే ఎదురొచ్చింది. ఆకుపచ్చ సూటు, ఎత్తుగా ముడిచిన జుట్టు, హాలంతా తలతిప్పి చూసే నడక.

"లావయ్యావు బావా."

"కుర్చీ ఉద్యోగం."

"చంక దగ్గర మరీ లావయ్యావు."

అతను నవ్వలేదు. "ఎందుకొచ్చావ్?"

ఆమె కళ్లతోనే కిటికీ వైపు చూపించింది. అక్కడ బృందం నాయకుడు, తెల్లజుట్టు పెద్దమనిషి, పెద్దమ్మతో ముచ్చట్లాడుతున్నాడు. "ముసలాడు రమ్మన్నాడు, వచ్చాను. నాక్కూడా అన్నీ చెప్పడు. అదే భయంగా ఉంది."

"నీకు భయమా? తాతకు దగ్గులు నేర్పకు."

"నేర్పక్కర్లేదు. తాతవి ఎప్పుడో అయిపోయావు."

ఆమె వెళ్లిపోయింది. ఆ వీపు మీద గురి ఎక్కడ పెట్టాలో అతని చెయ్యి అప్పుడే లెక్క కట్టేసింది. మనసు మాత్రం వెనకబడింది. నమ్మాలనిపించడం వేరు, నమ్మడం వేరు. ఈ వృత్తిలో మొదటిదే ఎక్కువమందిని చంపింది.

అప్పుడు బృందం ఫొటోగ్రాఫర్ తలుపులోంచి పక్కవాటుగా లోపలికొచ్చాడు. చేతుల్లో మంచమంత చెక్కు. ఫొటోలకోసం పట్టుకునే అట్ట చెక్కు.

"మా వంతు చిన్న ఆరంభం," అన్నాడు తెల్లజుట్టు పెద్దమనిషి. చప్పట్లు మోగాయి.

"డబ్బు దానంతట అది నడిచి రావడం ఇదే చూడ్డం నాయనా!" అంది పెద్దమ్మ, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

డైరెక్టర్ కూడా చప్పట్లు కొట్టాడు. సగంలో అరచేతులు ఆగిపోయాయి.

దాత అనేవాడు ముందు ప్రపోజల్ తిప్పి పంపుతాడు. దిద్ది పంపితే మళ్లీ తిప్పుతాడు. ఒప్పందం, సంతకం, ఆపైన మన డబ్బు మనమే ఖర్చుపెట్టుకోవడం, బిల్లులు, వాటిమీద ప్రశ్నలు. అన్నీ అయ్యాక, మనసు బాగుంటే, డబ్బు. సంతకం పడకముందే చెక్కు మోసుకొచ్చిన దాత అతని సర్వీసులో లేడు. ముఠా అన్నీ నేర్చుకుంది. మాట, నడక, విజిటింగ్ కార్డు. ఒక్క పిసినారితనం నేర్చుకోలేదు.

దగ్గరికెళ్లి అట్టమీద చెయ్యి వేశాడు. మెత్తటి బరువు. అట్టకి ఉండే బరువు కాదు. మధ్యలో ప్లాస్టిక్ పేలుడు పదార్థం.

"తాకొద్దు సార్!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"నిలబెట్టడానికి స్టాండుంది. జిరాక్స్ రూంలో. రండి, పట్టుకుందురుగాని."

చెక్కుని గోడకి ఆనించి ఫొటోగ్రాఫర్ వెంట వచ్చాడు. జిరాక్స్ రూం తలుపు మూసుకోగానే కెమెరా పట్టీ డైరెక్టర్ మెడ చుట్టూ బిగిసింది. ముఖం జిరాక్స్ అద్దానికి గుద్దుకుంది. ముక్కు చితికింది. ఎక్కడో బటన్ నొక్కుకుపోయి, పచ్చటి వెలుగు కళ్లకింద నుంచి పాకింది. ఊపిరి అందక చేతులు గాలిలో తడుముకున్నాయి. పేపర్ కట్టర్ పిడి దొరికింది. మడమతో వాడి మోకాలు విరగ్గొట్టి, వాడి చెయ్యి పలకమీదికి లాగి, బ్లేడు దించాడు. వేళ్లు నేలమీద రాలాయి.

"రిమోట్ ఎవరి దగ్గరుంది?"

నొప్పితో వంకర్లు పోతూ కూడా వాడు నవ్వాడు. "వెళ్లి చూసుకో." రెండో చేత్తో కత్తి దూశాడు. డైరెక్టర్ ఆ చెయ్యి మెలిపెట్టి కత్తిని వాడి గొంతులోకే తిప్పాడు. యంత్రం మాత్రం ఆగకుండా నలిగిన ముఖాన్ని కాపీమీద కాపీగా కక్కుతూనే ఉంది. ఆ ముఖం డైరెక్టర్‌దో ఏజెంట్‌దో అతనికే తేలలేదు.

పరుగున హాల్లోకొచ్చాడు. చెక్కుకి ఒక కొస పెద్దమ్మ పట్టుకుంది. రెండో కొస మరదలు.

"క్లోజ్ చెయ్యి!" చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఏం చూస్తున్నావ్?"

పిస్టల్ బయటికొచ్చింది. ఎవరో కెవ్వుమన్నారు. గురి ఆమె గుండెమీద ఆగింది. ఆమె కదల్లేదు.

"ఫొటోగ్రాఫర్ రాలేదు కదా, నేనే తీస్తాను," అంటూ తెల్లజుట్టు పెద్దమనిషి ఫోన్ పట్టుకుని స్తంభం వెనక్కి అడుగులో అడుగు వేస్తున్నాడు. బొటనవేలు తెరమీదికి దిగుతోంది.

దాతలు ఫొటోలోకి మోచేతులతో తోసుకొస్తారు. బయటికి నడిచే దాత ఎవడు?

పిస్టల్ తిరిగింది. టప్. బొటనవేలు, ఫోను, వెనక భుజం ముక్క కలిసి ఎగిరాయి. ముసలాడు పడలేదు. ఎడమచేత్తో కత్తి లాగి పెద్దమ్మ మీదికి ఉరికాడు. మధ్యలోకి మరదలు దూకింది. కత్తి ఆమె పక్కటెముకల కింద దిగింది. ఆమె జడముడిలోంచి ఉక్కు పిన్ను లాగి వాడి చెవిలో పిడిదాకా దింపింది. ఇద్దరూ కలిసే కూలారు. ఒక్కరే కదిలారు.

"చెక్కులో ఏముందో నాకు చెప్పలేదు బావా," అందామె పళ్లు బిగించి. "పెద్దమ్మతోపాటు నన్నూ లేపేద్దామనుకున్నారు సచ్చినోళ్లు."

"నువ్వు ఎవరి తరఫు?"

"ఈ పూటకి నీ తరఫే. రేపటి సంగతి బతికితే చెప్తా."

"క్లోజ్ చేశావా?" చెవిలో చీఫ్.

"లేదు సార్. గడువు పొడిగించాను. అదనపు ఖర్చేం లేదు."

చీఫ్ అరుస్తూనే ఉన్నాడు. బల్లకింద నుంచి పెద్దమ్మ మెల్లగా తల బయట పెట్టింది. కళ్లజోడు ఒక చెవికే వేలాడుతోంది.

"ఇంతకీ గ్రాంటు వచ్చినట్టా రానట్టా నాయనా?"

డైరెక్టర్ పిస్టల్ నేలమీద పెట్టాడు. బ్లేజర్ విప్పి, మరదలి పక్కన మోకాళ్లమీద కూర్చుని, గాయం మీద రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టాడు.

"రాలేదు పెద్దమ్మా. మళ్లీ అప్లై చేద్దాం."