ముందు కాలు, తర్వాత కాలు

పొద్దున లేచింది మొదలు ఆ ఇంట్లో కోడలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను, చేతిలో గరిటె. ఫోనులో ఇన్సూరెన్సు కంపెనీ పాట మోగుతోంది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆమె భర్త కాళ్ళ నరాల డాక్టరు. ఉబ్బి మెలికలు తిరిగిన నరాలకు లేజరు పెట్టి నయం చేస్తాడు. ఆయన పని అంతవరకే. బిల్లులు రాయడం, ఇన్సూరెన్సు వాళ్ళతో పోట్లాడటం, ఊళ్ళో పోస్టర్లు వేయించడం అన్నీ ఈమె నెత్తినే.

పాట ఆగింది. కోడలు పొయ్యి కట్టేసి అందుకుంది.

"హలో! ఆవిడ సోకు కోసం రాలేదండీ. కాసేపు నిలబడితే కాలు బండరాయిలా బరువెక్కిపోతోంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి నిద్ర ఉండదు. మీరు చెప్పినట్టే బిగుతు మేజోళ్ళు కూడా వేసుకుంది. ఇంకా ఏం కావాలి మీకు? ఆ బాధ మీరు పడి చూస్తారా?"

అవతలివాళ్ళు దిగొచ్చారు. ముక్కూ మొహం తెలియని పేషెంటు కోసం అంతలా వాదించినందుకు తన భుజం తనే తట్టుకోబోయింది. ఇంతలో వీధి తలుపు దభాలున తెరుచుకుంది.

అత్తగారు. బ్రెడ్డుకని వెళ్ళిన మనిషి వట్టి చేతులతో వచ్చింది.

"బ్రెడ్డేదీ అత్తయ్యా?"

"బ్రెడ్డు లేదు, గిడ్డు లేదు. బస్టాపులో నా కాలు నిలువెత్తున అంటించావుగా, వెళ్ళి దాన్నే కోసుకు తిను!"

కోడలికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కొత్త పోస్టరు నిన్ననే అంటించారు. ఎడమవైపు 'ముందు' అని నల్లగా ఉబ్బిన నరాల కాలు, కుడివైపు 'తర్వాత' అని నున్నని కాలు.

"అది మీ కాలేమిటి అత్తయ్యా, ఎవరో పేషెంటుది. క్లినిక్ ఫోటోల్లోంచి తీశాను."

అత్తగారు కుర్చీలో కూలబడి చీర అంచు జానెడు పైకి లాగింది. వంకర చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుని ఉంది. పైన చీలమండ చుట్టూ అవే నరాలు.

"ఈ వేలు ఇంకెవరికైనా ఉందేమో చూపించు! పక్కింటావిడ పోస్టరు ముందు నిలబడి, 'పాపం ఎవరో మహాతల్లి' అంటుంటే నాకెలా ఉంటుందే? ఇన్నేళ్ళుగా నా కాలు ఎవరికీ కనబడకుండా దాచుకున్నాను."

పోస్టరు మీది కాలికీ అదే వేలని కోడలికి అప్పుడు తట్టింది. అంతలో డాక్టరుగారు సగం గడ్డం నురగతో బయటికి వచ్చాడు. కోడలి కోపమంతా అటు మళ్ళింది.

"ఈ ఫోటో వాడుకోవచ్చా అని మిమ్మల్ని అడిగానా, లేదా?"

"అడిగావు. వాడేయ్ అన్నాను. హడావిడిలో... చూడలేదు."

"చూడలేదట!" అత్తగారు కొడుకు మీద విరుచుకుపడింది. "కాలు లాగేస్తోందిరా అని నీ దగ్గరికొస్తే, ఫోను తీసి ఫోటో కొట్టి 'చూద్దాంలే అమ్మా' అన్నావు. నువ్వు తప్ప ఊరంతా చూసింది!"

డాక్టరు ఫోనులో తీసిన ఫోటోలన్నీ వాటంతటవే క్లినిక్ కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. తల్లి కాలూ అలాగే వెళ్ళింది.

"ఇప్పుడే తీయించేస్తాను అత్తయ్యా," కోడలు పోస్టర్ల వాడికి ఫోను కలపబోయింది.

"తీయిద్దువుగానిలే. ముందిది చెప్పు. ముందు కాలు నాది. తర్వాత కాలు ఎవరిదే?"

"అది... నయమైన ఇంకో ఆవిడది."

"మరి నాదెప్పుడే నయమయ్యేది?"

అరుపు లేదు ఆ మాటలో. కోడలు ఫోను బల్ల మీద పెట్టేసింది.

"ఇంత బాధ పడుతూ నాకొక్క మాట చెప్పలేదేం అత్తయ్యా?"

"నీకా? రోజూ భోజనాల దగ్గర నువ్వేమంటావు? 'సోకు కోసం వచ్చి నొప్పంటారు, వీళ్ళ నాటకాలు నా చావుకొచ్చాయి' అనవూ? ఈ వయసులో ముసలిదానికీ సోకేనా అంటావని నోరు మూసుకున్నాను."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఈమధ్య అత్తగారు ప్రతి పనికీ స్టూలు లాక్కుంటుంటే బద్ధకం అనుకుంది. మంచం దిగడానికి ఆలస్యం చేస్తుంటే దర్జా అనుకుని లోలోపల విసుక్కుంది. ఇవే గుర్తులు ఫోనులో పరాయివాళ్ళ కోసం గడగడా అప్పజెబుతుంది! దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

ఆమె నేల మీద కూర్చుని ఆ వంకర వేలున్న పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఎంతసేపు నిలబడితే బరువెక్కుతుంది అత్తయ్యా?"

"అన్నం వార్చేంతలోనే."

"రాత్రి పిక్కలు పడతాయా?"

"పడతాయి. మీరు లేస్తారని నోట్లో దిండు కుక్కుకుంటాను."

కోడలు ఆ పాదం మీదే తల ఆన్చి భోరుమంది. "నన్ను క్షమించండి అత్తయ్యా" అన్నది వెక్కిళ్ళలో సగమే వినబడింది. డాక్టరు తువ్వాలుతో మొహం తుడుచుకుని తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇవాళ మొదటి పేషెంటువి నువ్వేనమ్మా. స్కానింగ్ నేనే చేస్తాను," అన్నాడు.

పోస్టరు ఆ పూటే ఊడిపోయింది. స్కానింగ్‌లో లోపలి నరం పాడైందని తేలింది. లేజరు పెట్టేదాకా పగలంతా బిగుతు మేజోళ్ళే అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున అత్తగారి కాలు నేలకి దిగకముందే కోడలు మేజోడు పట్టుకుని మంచం దగ్గర సిద్ధం. అదేమో ఒక పట్టాన ఎక్కదు. ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"అబ్బబ్బా! కాలు ఊడి నీ చేతికొస్తుందే!"

"ఓర్చుకోండి అత్తయ్యా, మడమ దాటింది."

వంటింట్లో ఫోను మోగి మోగి ఆగిపోయింది. కోడలు అటువైపు చూడనైనా లేదు. అత్తగారు ఆమె చెదిరిన జుట్టు సర్దుతూ, "నయమయ్యాక ఇంకో ఫోటో తియ్యవే," అంది.

"వద్దత్తయ్యా. మళ్ళీ ఆ పాపం నాకొద్దు."

"నేను తియ్యమంటున్నాను కదా! చిటికెన వేలు బాగా పడాలి. ముందు కాలూ, తర్వాత కాలూ రెండూ నావేనని పక్కింటావిడకి తెలియొద్దూ?"

కోడలు నవ్వబోయి మళ్ళీ ఏడ్చేసింది.